ఉప్పునీళ్లకు పోయొచ్చే చేప

నల్గొండ పక్కన పానగల్లులో పెరిగినవాళ్లకు సముద్రం అంటే ఉదయసముద్రమే. కందూరు చోడుల కాలపు చెరువు అది. ఇప్పుడు ఏఎమ్మార్పీ ఎత్తిపోతల పథకం పుణ్యమా అని కృష్ణ నీళ్లు లిఫ్టెక్కి వచ్చి అందులో పడుతున్నాయి. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయని బళ్లో సారు చెప్తే, మన సముద్రం మంచిగనే ఉంది కదా అనుకున్న పిల్లల్లో నేనూ ఒకడిని.

పోయిన అక్టోబరులో మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు పంపాడు. రబ్బరు ప్యాంటు తొడుక్కొని నడుంలోతు నీళ్లలో నిలబడ్డాడు. ఎదురుగా గులకరాళ్ల దిబ్బ, దాని వెనక విరుగుతున్న అలలు. చేతిలో సన్నటి కర్ర విల్లులా వంగిపోయింది. కాసేపు పెనుగులాడి చేపను దగ్గరికి తెచ్చాడు. మూరెడు పైనే ఉంటుంది, కడిగిన వెండి గిన్నెలా మెరుస్తోంది. చేతులు నీళ్లలో ముంచి తడుపుకొని, దాన్ని పట్టుకొని, మూతికి గుచ్చుకున్న ముల్లు తీసి, నీళ్లలోనే కాసేపు ఆనించి ఉంచి వదిలేశాడు.

మా నాయిన వీడియో రెండుసార్లు చూసి, "పట్టిన చేపను ఇడిసిపెట్టుడేంది? వానికి పానం మంచిగున్నదా?" అన్నాడు. వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "తాతా, అది బ్రౌన్ ట్రౌట్. సముద్రానికి పోయొచ్చిన చేప." నాయిన వదల్లేదు. "బ్రౌన్ అంటడు, గిది తెల్లగున్నది గదా?"

అందరం నవ్వాం. కానీ ఆ రెండో ప్రశ్న చిన్నదేం కాదు. జీవులకు పేర్లు పెట్టే పద్ధతికి ఆద్యుడైన లిన్నేయస్ 1758లో సరిగ్గా ఇక్కడే బోల్తా పడ్డాడు. సముద్రం నుంచి వచ్చే ట్రౌట్‌కు ఒక పేరు, వాగులో ఉండేదానికి ఒక పేరు, సరస్సులో ఉండేదానికి మరొకటి పెట్టి, మూడు వేర్వేరు జాతులన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ జాబితాను ఇంకా పెంచుకుంటూ పోయారు. అన్నీ ఒకటే చేప అని గట్టిగా వాదించినవాళ్లలో ఫ్రాన్సిస్ డే ఒకడు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా వచ్చి, మన దేశపు చేపలన్నిటి మీదా పెద్ద గ్రంథం రాసినాయన. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక అక్కడి ట్రౌట్‌లను చూసి, రంగు మారినంత మాత్రాన జాతి మారదని తేల్చాడు. ఇప్పుడు అందరూ ఒప్పుకునే మాట అదే.

కథ మొదలయ్యేది చల్లటి వాగులో. చలికాలం మొదట్లో ఆడ చేప తోకతో గులకరాళ్లలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది, మగది వాటి మీద పాలలాంటి వీర్యం వదులుతుంది, మళ్లీ గులకలతో కప్పెయ్యడం ఆడదాని పనే. గుడ్డు పొదిగి బయటికొచ్చిన పిల్లకు గోధుమరంగు ఒళ్లు, పక్కల మీద చుక్కలు, బొటనవేలి ముద్రల్లాంటి నల్లటి మచ్చలు. వాగు అడుగున రాళ్ల మధ్య దాక్కోవడానికి ఆ వేషం బాగా పనికొస్తుంది. ఒకటి రెండేళ్లు, చలి దేశాల్లో ఇంకా ఎక్కువ కాలం, ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి కొట్టుకొచ్చే పురుగులు తింటూ బతుకుతాయి.

ఆ తర్వాత ఒకే తల్లి పిల్లల్లో కొన్ని వాగులోనే ఉండిపోతాయి. కొన్ని సముద్రానికి బయల్దేరతాయి.

పాలమూరు వాళ్లకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఒకే ఇంట్లో అన్న బొంబాయికో దుబాయికో పోతాడు, తమ్ముడు ఊళ్లో ఎకరంన్నర చూసుకుంటాడు. రక్తం తేడా ఏమీ లేదు. ఎవరు పోవాలి, ఎవరుండాలి అన్నది కొంత వాడి స్వభావం, కొంత ఇంట్లో గింజలెన్ని ఉన్నాయన్న లెక్క. ట్రౌట్‌లోనూ అచ్చం అంతే. వలస పోయే గుణం కొంత తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కానీ తొట్లలో పెంచి చూసిన ప్రయోగాల్లో తిండి తగ్గించినప్పుడు ఎక్కువ పిల్లలు సముద్రం బాట పట్టాయి. కడుపు నిండితే ఉన్న ఊరే మేలు.

పోయేవాటిలో ఆడవి ఎక్కువ. ఇక్కడ లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఆడ చేప ఎంత పెద్దదైతే అన్ని గుడ్లు పెడుతుంది. వాగులోనే ఉండి పావుకిలో తూగే ఆడది కొన్ని వందల గుడ్లు పెడితే, సముద్రంలో మేసి మూడు కిలోలై వచ్చింది కొన్ని వేలు పెడుతుంది. మగవాడికి అంత ఒళ్లు అక్కర్లేదు. జానెడు మగ చేప కూడా రాళ్ల చాటున పొంచి ఉండి, పెద్దవాళ్ల జంట గుడ్లు వదిలే క్షణంలో దూరి తన పని కానిచ్చుకొని పారిపోగలదు. అందుకే ఇంటిపట్టున ఉండేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. నేను ఈ సంగతి చెప్తే మా ఆవిడ ఒక చూపు చూసింది, దాన్ని ఇక్కడ అనువదించను.

మరి రంగు? బయల్దేరే ముందు చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు పలుచటి పలకలు పేరుకుంటాయి. అద్దం ముక్కల్లా అవి వెలుగును తిప్పి కొడతాయి. నడిసముద్రంలో దాక్కోవడానికి రాళ్లు ఉండవు, అందుకని చుట్టూ ఉన్న వెలుగునే దుప్పటిలా కప్పుకుంటుంది. తిరిగి నదిలోకి వచ్చి కొంతకాలం ఉంటే వెండి పోయి మళ్లీ గోధుమరంగు తేలుతుంది. నాయిన ప్రశ్నకు జవాబు అదీ: అది బ్రౌనే, కాకపోతే ఇంకా దుబాయ్ చొక్కా విప్పలేదు.

ఉప్పు లెక్క

చొక్కా మార్చుకోవడం తేలిక. ఒళ్లు మార్చుకోవడమే కష్టం. మేనల్లుడు నిలబడ్డ లగూన్, అంటే గులకరాళ్ల దిబ్బ వెనక నిలిచిన నీటి సంగతి అర్థం కావాలంటే ఇది ముందు తెలియాలి.

ఆవకాయకు మామిడి ముక్కలు కోసి ఉప్పు కలిపి మూత పెడితే తెల్లారేసరికి ఊట వచ్చేస్తుంది. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువున్న వైపు బయటికి నడిచింది. అదే రాత్రి ఎండు శనగలు మంచినీళ్లలో వేస్తే పొద్దునకు ఉబ్బి ఉంటాయి, నీరు ఉప్పు తక్కువున్న వైపు నుంచి లోపలికి పోయింది. చేప ఒంట్లో, గిన్నెలో పెట్టిన మామిడి ముక్కా నానుతున్న శనగా రెండూ ఉన్నాయి. దాని రక్తంలో ఉప్పు లీటరుకు సుమారు 9, 10 గ్రాములకు సమానం. వాగు నీళ్లలో దాదాపు సున్నా. సముద్రంలో 35 గ్రాములు.

కాబట్టి వాగులో ఉన్న ట్రౌట్ ఎప్పుడూ శనగలా నానుతూనే ఉంటుంది. అది నీళ్లు తాగదు, తాగకుండానే లోపలికి వస్తున్న నీటిని పలుచటి మూత్రంగా పంపేస్తూ, మొప్పల ద్వారా ఉన్న కాస్త ఉప్పును లోపలికి పీల్చుకుంటుంది. సముద్రంలోకి వెళ్లగానే యంత్రం మొత్తం ఉల్టా తిరగాలి. ఇప్పుడది మామిడి ముక్క. ఒంట్లో నీరు లాగేసుకుంటున్న సముద్రంలో ఎండిపోకుండా ఉండాలంటే ఆ ఉప్పునీళ్లే తాగాలి, తాగిన ఉప్పును మొప్పల్లోంచి బయటికి తోడెయ్యాలి. మొప్పల్లో ఉప్పును తోడే ప్రత్యేకమైన కణాలు ఉంటాయి. వసంతంలో పగలు పొడుగవుతుంటే చేప మెదడు ఆ సంకేతం పట్టుకొని, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పంపి, ఇంకా వాగులో ఉండగానే ఈ మోటార్లను బిగిస్తుంది. అంటే కరెంటు లైను ముందే లాగి, నీళ్లు వచ్చాక స్విచ్ వెయ్యడం లాంటిది. మన బోర్ల దగ్గర జరిగేది దీనికి సరిగ్గా రివర్సు.

తడి చేతుల సంగతి కూడా ఇక్కడే ఉంది. చేప ఒంటి మీది జిగురు మనకు అసహ్యం గానీ దానికి అది నీరు, ఉప్పు ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ పోకుండా ఆపే పొర. రోగాల నుంచి కూడా అదే కాపలా. పొడి చేత్తో పట్టుకుంటే ఆ జిగురు ఊడొస్తుంది, సముద్రం నుంచి కొత్తగా వచ్చిన చేపకైతే పొలుసులు కూడా రాలిపోతాయి. తర్వాత అది నీళ్లలో ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది, తర్వాత ఎక్కడో చచ్చిపోవచ్చు. వదలాలనుకుంటే సరిగ్గా వదలాలి, లేదంటే పులుసు పెట్టుకోవడమే నయం.

గులకల దిబ్బ వెనక

మేనల్లుడు నిలబడిన చోటు రకాయా నది సముద్రంలో కలిసే మొగ. క్రైస్ట్‌చర్చ్‌కు నైరుతి దిక్కున ఉంది. అక్కడి నదులు మంచు కొండల నుంచి దిగుతూ లారీలకు లారీల గులక మోసుకొస్తాయి. సముద్రపు అలలు ఆ గులకను తీరం పొడవునా నెట్టి నెట్టి కట్టలా పోస్తాయి. నది నేరుగా సముద్రంలో పడలేక కట్ట వెనక పక్కకు తిరిగి సాగుతుంది, ఎక్కడో ఒక సందు చూసుకొని బయటపడుతుంది. కట్ట వెనక నిలిచిన ఈ పొడవాటి నీటినే లగూన్ అంటారు. అక్కడి మూలవాసులైన మావోరీలు ఇలాంటి మొగలను హాపువా అంటారు. వరద వస్తే కట్ట తెగి మొగ ఎదురుగా తెరుచుకుంటుంది. ఎండలు ముదిరి ప్రవాహం సన్నబడితే సందు పక్కకు జరుగుతూ జరుగుతూ ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది కూడా. నిరుడు చూసిన చోట ఈ ఏడు మొగ ఉండదు.

అదే తీరంలో తే వైహోరా అనే ఇంకో పెద్ద లగూన్ ఉంది, ఇంగ్లీషులో ఎల్స్‌మియర్ సరస్సు అంటారు. దానికి సొంతంగా దారి లేదు. నీళ్లు పెరిగి చుట్టుపక్కల పొలాల్లోకి వస్తుంటే బుల్డోజర్లతో కట్టకు గండి కొట్టి సముద్రంలోకి వదులుతారు. చెరువు కట్టకు గండి పడితే ఊరంతా పరిగెత్తే మనకు ఇది వింతగా ఉంటుంది.

మన భాషలో లగూన్ అనగానే పులికాట్ గుర్తొస్తుంది. పులికాట్‌లో సముద్రపు పోటుతో ఉప్పునీరు లోపలికి వస్తుంది, నీరు సగం సగం ఉప్పగా ఉంటుంది. రకాయా లాంటి హాపువాలో మెలిక ఏమిటంటే, నీరు ఎక్కువగా మంచినీరే. పోటు వచ్చినప్పుడు సముద్రం లోపలికి పెద్దగా జొరబడదు గానీ నది దారికి అడ్డం పడుతుంది, దాంతో లగూన్ మట్టం పైకి లేస్తుంది. ఆటు వచ్చినప్పుడు తూము ఎత్తినట్టు నీరంతా సందులోంచి లాగేస్తుంది. గాలానికి వెళ్లేవాడు చూసుకోవాల్సింది ఈ ఎక్కడం దిగడం ఎప్పుడన్నదే.

ట్రౌట్ ఇక్కడ ఎందుకు ఆగుతుంది? ఒంటిని మార్చుకోవడానికి తీరిక దొరుకుతుందన్నది సగం జవాబు. ఈ మాట యూరప్ ఉత్తరాన, డెన్మార్క్ వైపు, ఇంకా బాగా వర్తిస్తుంది. గడ్డకట్టే చలిలో మొప్పల మోటార్లు నెమ్మదిస్తాయి, పూర్తి ఉప్పునీళ్లలో నెట్టుకురావడం కష్టమవుతుంది. అందుకని శీతకాలం వచ్చేసరికి సముద్రపు ట్రౌట్‌లు ఉప్పు తక్కువుండే తీరపు పాయల్లోకి చేరతాయి. అక్కడి గాలం వేసేవాళ్లు థర్మామీటరు చూసి చోటు మారుస్తారు.

రకాయాలో మిగతా సగం జవాబు తిండి. ఆగస్టు దాటాక, అంటే అక్కడి వసంతంలో, సముద్రం నుంచి వేలెడంత చేపలు గుంపులు గుంపులుగా నది ఎక్కడానికి వస్తాయి. ఒకటి స్మెల్ట్, సిల్వరీ అంటారు. ఇంకొకటి వైట్‌బెయిట్, అగ్గిపుల్లంత పొడవున గాజులా పారదర్శకంగా ఉండే పిల్లలు. ఈ వైట్‌బెయిట్‌లో ఎక్కువ భాగం ఇనాంగా అనే చేపది. దాని బతుకూ ఉప్పుకూ తీపికీ మధ్యే. పెద్ద పోటు వచ్చినప్పుడు నీటి అంచున ఉన్న గడ్డి మొదళ్లలో గుడ్లు పెడుతుంది, తర్వాతి పెద్ద పోటుకు అవి పొదిగి సముద్రంలోకి కొట్టుకుపోతాయి, ఆరు నెలలకు మళ్లీ ఎదురొస్తాయి. ఇవన్నీ దూరాల్సింది ఒకే ఒక్క సందులోంచి. పెళ్లిలో భోజనాల హాలుకు ఒకటే తలుపు ఉంటే అక్కడ ఎవరు నిలబడతారో అక్కడే ట్రౌట్ నిలబడుతుంది.

సముద్రానికి పోయొచ్చిందని ఎలా నమ్మాలి, లగూన్‌లోనే కూర్చొని మెక్కలేదని ఏమిటి? చేప తలలో చెవి దగ్గర ఒక చిన్న రాయి ఉంటుంది. అది చెట్టు మానులా ఏటికో వలయం కట్టుకుంటూ పెరుగుతుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, అది కాల్షియంతో పాటు ఆ రాతిలో చేరుతుంది. రాయిని కోసి కొలిస్తే ఏ వయసులో ఉప్పునీళ్లలో ఉందో, ఎప్పుడు తిరిగొచ్చిందో బయటపడుతుంది. ఇలా చూస్తే తేలిందేమిటంటే కొన్ని ఒకసారి పోయి వస్తాయి, కొన్ని అటూ ఇటూ షటిల్ కొడతాయి. ట్రౌట్ సాల్మన్‌లా మహాసముద్రాలు దాటిపోయే రకం కాదు, ఎక్కువగా తీరం పట్టుకునే తిరుగుతుంది. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టగానే చచ్చిపోతుంది, ట్రౌట్ మాత్రం బతికి ఉంటే మళ్లీ మళ్లీ పోయొస్తుంది. వదిలేసిన ఆడ చేప వచ్చే ఏడు ఇంకా పెద్దదై, ఇంకా ఎక్కువ గుడ్లతో అదే వాగుకు రావచ్చు.

వడిసెల, కొరడా

ఇక మేనల్లుడు చేసే ఫ్లై ఫిషింగ్, అంటే నిజం ఎర బదులు వెంట్రుకలతో, దారంతో ముల్లుకు కట్టిన నకిలీ ఎరతో గాలం వెయ్యడం. పేరులో ఈగ ఉంది గానీ లగూన్‌లో వాడేది ఈగ కాదు. ముల్లుకు తెల్లటి వెంట్రుకలు, కుందేలు చర్మపు సన్నటి పీలిక, కాస్త మెరుపు దారం చుట్టి సిల్వరీ చేప పిల్లలా తయారుచేస్తారు. బరువు ఒక నెమలీక ముక్కంత.

మనం చెరువు దగ్గర గాలం వేసేటప్పుడు దారానికి బెండు, సీసం గుండు, ముల్లుకు ఎర్ర కడతాం. విసిరినప్పుడు గుండు ముందు పోతుంది, దారం దాని వెంట పడుతుంది. జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల లాంటిది, రాయి బరువే రాయిని తీసుకుపోతుంది. ఫ్లైకి బరువే లేదు కాబట్టి దాన్ని వడిసెలతో విసరలేం. అక్కడ బరువు దారానికే పెట్టారు. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి లైను అది. నంబర్ల ప్రకారం దొరుకుతుంది. ఆరో నంబరు లైను మొదటి 30 అడుగులు 10 గ్రాముల పైచిలుకు, ఏడో నంబరుది 12 గ్రాములు. లగూన్ గాలికి సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి, లేదా ఇంకో నంబరు పైది.

బోనాలప్పుడు పోతరాజు కొరడా ఝళిపించడం చూసే ఉంటారు. పిడి దగ్గర లావు, చివరకు సన్నం. చేతి దగ్గర పుట్టిన ఊపు సన్నబడుతున్న తాడు వెంట పోతూ వేగం పుంజుకుంటుంది, చివరి జానెడుకు వచ్చేసరికి ఠప్పుమంటుంది. ఫ్లై లైను కూడా అలాగే. తొమ్మిదడుగుల కర్రతో ముందు లైనును వెనక్కి విసరాలి, అది గాలిలో వెనకాల పూర్తిగా చాపుకునేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు ముందుకు కొట్టాలి. చివర కట్టిన సన్నటి నైలాను మెత్తగా విప్పుకొని ఫ్లైని నీటి మీద దించుతుంది. ఠప్పుమంటే మాత్రం తప్పు చేసినట్టే, ఫ్లై ఊడి ఎక్కడో పడి ఉంటుంది. కొత్తవాళ్లు చెడేది వెనక ఆగాల్సిన ఆ అరక్షణం దగ్గరే. చెయ్యి బలం కంటే ఆగడం ముఖ్యమని మేనల్లుడు పదేపదే అంటాడు. వాడు చిన్నప్పుడు సినిమా హాలు క్యూలో కూడా ఆగింది లేదు.

నీళ్లలో పడ్డాక ఎడమ చేత్తో లైనును జానెడు జానెడు లాగాలి, రెండు లాగి ఒకసారి ఆపాలి. దెబ్బతిన్న పిల్ల చేప ఈదేది అలాగే. లాగిన లైను కాళ్ల దగ్గర పడితే అల తీసుకుపోతుంది కాబట్టి నడుముకు ఒక బుట్ట కట్టుకుంటారు, బతుకమ్మకు పూలు కోయడానికి పోయినట్టు ఉంటాడు మనిషి. చేప అందుకోగానే కర్ర పైకి లేపకూడదు, లైనునే గట్టిగా లాగాలి. అప్పుడే ముల్లు దిగుతుంది. తప్పిపోయినా ఫ్లై చేప ముందే ఉంటుంది, రెండో అవకాశం ఉంటుంది.

ఎక్కువమంది చేసే ఇంకో పొరపాటు, వచ్చీరాగానే నీళ్లలో దిగడం. తెల్లవారుజామున, పొద్దుగూకాక పెద్ద ట్రౌట్‌లు పిల్ల చేపలను ఒడ్డుకు తరుముకుంటూ పిక్కలోతు నీళ్లలోకి వస్తాయి. మనం నిలబడాలనుకున్న చోటే చేప ఉంటుంది. తెలిసినవాళ్లు ముందు ఒడ్డు మీదే పది నిమిషాలు నిలబడి చూస్తారు. నీటి మీద చిన్న చేపలు చిట్లినట్టు ఎగిరితే అటు విసురుతారు. రాత్రిపూట వేసేవాళ్లు టార్చి చూపిస్తే మెరిసే పూత ఉన్న ఫ్లై కడతారు.

పట్టినదాన్ని అమ్ముకోవచ్చా అని నాయిన అడిగాడు. న్యూజిలాండ్‌లో ట్రౌట్ అమ్మడం చట్టరీత్యా నేరం. లైసెన్సు కొనుక్కొని, రోజుకు ఇన్ని అన్న పరిమితికి లోబడి, పట్టినవాడు తినొచ్చు లేదా ఎవరికైనా ఊరికే ఇవ్వొచ్చు. అందుకని దానికి బజారు రేటే లేదు. పులస కోసం వేలకు వేలు పెట్టే మనకు ఇది మింగుడు పడదు.

ఎదురెక్కే చేపలు మనకూ ఉన్నాయి

పులస అన్నాం కదా. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లాలవాళ్లు సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు, వరద నీటికి ఎదురెక్కి గోదారిలోకి వచ్చాక పులస అంటారు. లిన్నేయస్ ఒకే చేప అని తెలియక మూడు పేర్లు పెట్టాడు. వీళ్లు తెలిసి పెట్టారు.

చలి దేశాల్లో సముద్రంలో తిండి ఎక్కువ, వాగుల్లో తక్కువ. అందుకే అక్కడ వాగులో పుట్టి సముద్రంలో మేసే చేపలు ఎక్కువ. వేడి దేశాల్లో నదులు, చెరువులే సముద్రం కంటే బాగా పండుతాయి కాబట్టి ఇక్కడ సముద్రంలో పుట్టి నదిలో మేసేవి ఎక్కువగా ఉండాలని ఒక సిద్ధాంతం. మన పాముచేప ఆ లెక్కకు సరిపోతుంది, అది ఎక్కడో లోతు సముద్రంలో పుట్టి, నది ఎక్కి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ దిగిపోతుంది. పులస ఆ లెక్కకు లొంగదు. నాకు లొంగనివే ఎక్కువ నచ్చుతాయి.

నీలకంఠ రొయ్య ఇంకో రకం. పెద్దయ్యాక మంచినీళ్లలోనే బతుకుతుంది, కానీ దాని పిల్లలు మొదటి వారాల్లో ఉప్పు కలిసిన నీరు లేకపోతే చచ్చిపోతాయి. కృష్ణకు అడ్డంగా 1855లో బెజవాడ ఆనకట్ట, దాని పైన 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్, ఆపైన శ్రీశైలం, గద్వాల దగ్గర జూరాల వచ్చాయి. సాగర్ గోడ ఎత్తు సుమారు 124 మీటర్లు. ఏ చేప ఎంత ఎగిరినా దాన్ని దాటలేదు. సాగర్ నీళ్లు రాకపోతే మిర్యాలగూడలో వరి లేదు, మా ఉదయసముద్రంలో ఎండాకాలం నీళ్లు లేవు, కాబట్టి డ్యాములను తిట్టే నోరు నాకు లేదు. కానీ పైనున్న రొయ్య కిందికి దిగి, పిల్ల పైకి ఎక్కే దారి మూతపడ్డది. ప్రభుత్వం చేప పిల్లలతో పాటు రొయ్య పిల్లలను కూడా లారీల్లో తెచ్చి మన రిజర్వాయర్లలో వదలడానికి కారణం ఇదే. ఇక్కడ వదిలిన రొయ్య ఇక్కడే పెరుగుతుంది, దాని సంతానం మాత్రం ఇక్కడ నిలవదు. అందుకే మళ్లీ మళ్లీ లారీ రావాలి.

చిన్నప్పుడు మత్తడి దుంకిందంటే బడి ఎగ్గొట్టి పోయేవాళ్లం. పరకలు, జెల్లలు, ఒక్కోసారి చెయ్యంత మెరిగె, కారుతున్న నీటికి ఎదురెగిరేవి. మత్తడి రాళ్ల మీద పడి, జారి, మళ్లీ ఎగిరేవి. అమ్మ పాత చీర రెండు వైపులా పట్టుకొని నిలబడితే చాలు. వాటికి సముద్రం సంగతి తెలియదు, కొత్త నీటి వాసనకు గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ ఎక్కడమే. లగూన్ సందు దగ్గర ట్రౌట్ చేసే పని, చీర పట్టుకొని మేం చేసిన పని ఒకటే.

ఇంతా చెప్పి ట్రౌట్‌ను అమాయకపు అతిథిని చేయకూడదు. అది న్యూజిలాండ్ చేప కాదు. 1864లో ఇంగ్లండ్ నుంచి నార్ఫోక్ అనే ఓడలో దాని గుడ్లను తడి నాచులో పెట్టి, మంచుగడ్డల కింద సర్ది, భూమధ్యరేఖ దాటించి మూడు నెలల ప్రయాణం తర్వాత టాస్మేనియా చేర్చారు. అక్కడి నుంచి 1867లో న్యూజిలాండ్‌కు. అసలు దొరలు కోరుకున్నది సాల్మన్. టాస్మేనియాలో వదిలిన సాల్మన్ పిల్లలు సముద్రంలోకి పోయాయి, తిరిగి రాలేదు. కూడా వచ్చిన ట్రౌట్ మాత్రం నదులను పట్టేసింది, కొన్ని చోట్ల సముద్రానికి పోయి రావడం కూడా మొదలుపెట్టింది. దాని ధాటికి అక్కడి సొంత చేపలు చితికిపోయాయి. ఉపోకోరోరో అనే చేప, అదీ నదికీ సముద్రానికీ మధ్య తిరిగేదే, పూర్తిగా అంతరించింది. అందులో ట్రౌట్ పాత్ర ఉందని చాలామంది అనుమానం. 1951లో దాన్ని పట్టకూడదని చట్టం తెచ్చారు, అప్పటికే అది కనిపించి ఏళ్లు దాటింది. ఇప్పుడు ట్రౌట్‌కే గడ్డుకాలం. నదుల నీరు పాడి పశువుల గడ్డికి మళ్లుతోంది, బోర్లు తోడేస్తున్నాయి. నీరు తగ్గితే మొగ ఎక్కువ రోజులు మూసుకుపోతుంది. ఎవరి నీళ్లు ఎవరికన్న ఆ గొడవ వింటుంటే క్రైస్ట్‌చర్చ్ వార్తో దేవరకొండ వార్తో పోల్చుకోవడం కష్టం.

మేనల్లుడు సంక్రాంతికి వచ్చాడు, కర్ర కూడా తెచ్చాడు. మన చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, ఎవరు పడితే వాళ్లు వేయకూడదు. అందుకని మా ఊరి పక్క చిన్న చెరువు సంఘం పెద్దాయన్ను అడిగి, ఆయన్ను కూడా వెంట తీసుకొని కట్ట మీదికి పోయాం. వాడు స్టైలుగా లైను వెనక్కి విసిరాడు, ఆ అరక్షణం ఆగాడు, ముందుకు కొట్టాడు. రాలేదు. ఫ్లై వెనక తుమ్మ చెట్టులో ఉంది.

"అల్లుడూ, చెట్టుకు మంచిగ తగులుకుంది," అన్నాడు పెద్దాయన.

రెండు గంటల్లో మూడు తుమ్మకొమ్మలు, ఒక గుర్రపుడెక్క దుబ్బు పడ్డాయి. చేప పడలేదు. పోయేటప్పుడు పెద్దాయన ఒక ఫ్లై చేతిలోకి తీసుకొని వేళ్లతో నలిపి చూశాడు. "ఇది ఉత్త బొచ్చే గదా," అని నవ్వి, అడిగి తీసుకొని, బీడీ కట్టలో గుచ్చుకొని జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు ఫోన్ చేశాడు. ఆ బొచ్చు ముల్లును తన వెదురు కర్రకు నైలాను దారంతో కట్టి, తూము దగ్గర నీటి మీద ఊరికే అటూ ఇటూ ఆడించాడట. కొర్రమట్ట పడ్డది, కిలోకు కొంచెం తక్కువ.

నాయిన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఇడిసిపెట్టినవా ఏంది?"

"పులుసు కూడా అయిపోయింది, పెద్దయ్యా."